ట్యాబ్ తర్వాత కొనొచ్చు బావా, ముందు డ్రాయింగులు సర్దు

"ఒరేయ్, ప్లాంట్ డ్రాయింగులు చూసుకోవడానికి మంచి ట్యాబ్ ఒకటి చెప్పు. పాతిక వేల లోపు."

ఏప్రిల్‌లో మా బావ పంపిన మెసేజ్ ఇది. బావ విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ ప్లాంట్‌లో మెయింటెనెన్స్ చూస్తాడు. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను కాబట్టి మా ఇంట్లో ఎవరికి ఏ ఫోన్ కావాలన్నా, ఏ ఇయర్‌బడ్స్ పోయినా కేసు నా దగ్గరికే వస్తుంది. మామూలుగా అయితే స్క్రీన్ ఎంత, ర్యామ్ ఎంత, స్టైలస్ ఉందా లేదా చూసి రెండు లింకులు పంపి ఊరుకునేవాణ్ణి. ఈసారి మాత్రం "ఇప్పుడెందుకు బావా?" అని అడిగాను. అడగడం మంచిదైంది. ఎందుకంటే ఆయనకి కావలసింది ట్యాబ్ కాదు.

జరిగింది ఇది. అంతకుముందు డిసెంబర్‌లో ఒక రాత్రి షిఫ్ట్‌లో అమ్మోనియా వాసన వచ్చింది. ఐస్ ప్లాంట్లలో చల్లదనం ఇచ్చేది ఎక్కువగా అమ్మోనియానే. కంప్రెసర్, కండెన్సర్ దాటి ద్రవంగా మారి రిసీవర్ అనే ట్యాంకులో చేరుతుంది, అక్కడి నుంచి ఉప్పునీళ్ల తొట్టిలోని కాయిల్స్‌కి వెళ్తుంది. రిసీవర్ దాటగానే ఉండే ముఖ్యమైన వాల్వ్‌ని కింగ్ వాల్వ్ అంటారు. లీక్ ఆ తర్వాత లైన్లో ఎక్కడైనా ఉంటే ముందు కట్టాల్సింది దాన్నే. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్రాడు కొత్తవాడు. గోడ మీద లామినేట్ చేసిన డ్రాయింగ్ చూశాడు. వాల్వ్ ఫలానా స్తంభం పక్కన ఉన్నట్టు ఉంది. మాస్క్ తగిలించుకుని అక్కడికి వెళ్తే వాల్వ్ లేదు!

అంతకుముందు వేసవిలో లైను మార్చినప్పుడు దాన్ని గోడకి అవతలి వైపు పెట్టారు. గోడ మీద డ్రాయింగ్ మాత్రం పాతదే. అదృష్టం కొద్దీ, రెస్ట్ రూంలో పడుకున్న ఒక పాత ఆపరేటర్ వాసనకి లేచి, డ్రాయింగూ గీయింగూ ఏమీ చూడకుండా నేరుగా వెళ్లి వాల్వ్ కట్టేశాడు. ముప్ఫై ఏళ్లకు పైగా అదే ప్లాంట్. అందరూ గురువు అని పిలుస్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. కుర్రాడి కళ్లు రెండు రోజులు మండాయి, అంతే.

"అందుకేరా. ట్యాబ్ ఉంటే లేటెస్ట్ డ్రాయింగ్ చేతిలో ఉంటాది కదా" అన్నాడు బావ.

"సరే, ట్యాబ్ కొన్నావనుకో. అందులో ఏ ఫైల్ పెడతావు?"

కాసేపు మాట లేదు. "అదే... మన డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు గల్ఫ్ వెళ్లిపోయాడు. వాడి లాప్‌టాప్ ఆఫీసులోనే ఉంది. నువ్వోసారి రా" అన్నాడు.

మీలో ఫ్యాక్టరీ, హాస్పిటల్, కాలేజీ బిల్డింగ్, అపార్ట్‌మెంట్... ఏదో ఒక దాని నిర్వహణ చూసేవాళ్లు ఉంటే మిగతాది మీకోసమే.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది. బోట్లన్నీ జెట్టీల దగ్గర కట్టేసి ఉంటాయి, ఐస్‌కి గిరాకీ పడిపోతుంది. కాబట్టి బావ వాళ్ల ప్లాంట్‌లో పెద్ద రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే చేస్తారు. పైపులు జరుగుతాయి, మోటార్లు మారతాయి, కేబుళ్లు కొత్త దారి పడతాయి. అంటే ప్రతి ఏడాదీ జూన్ 15 పొద్దున్నకి ప్లాంట్ వేరు, గోడ మీద బొమ్మ వేరు.

నేను వెళ్లింది ఆ నిషేధం రోజుల్లోనే. ఆ లాప్‌టాప్, రెండు పెన్‌డ్రైవ్‌లు, బావ వాట్సాప్, ఆఫీసు మెయిల్, అన్నీ కలిపి ఒకచోట పోస్తే 412 డీడబ్ల్యూజీ ఫైళ్లు తేలాయి. పేర్లు ఎలా ఉన్నాయో మీరు ఊహించగలరు. లేఅవుట్_ఫైనల్, లేఅవుట్_ఫైనల్_న్యూ, లేఅవుట్_ఫైనల్_న్యూ_2, లేఅవుట్_సార్_చెప్పింది. చివరిది నిజంగా ఉంది. ఏ సార్, ఏం చెప్పాడు అన్నది ఎవరికీ గుర్తులేదు.

సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ముందు పైథాన్ స్క్రిప్ట్ రాశాను. ప్రతి ఫైల్‌కి హ్యాష్ లెక్కగట్టి, ఒకే హ్యాష్ ఉన్నవి ఏరి పారేయడం. 412 కాస్తా 236 అయ్యాయి. ఇక అయిపోయినట్టే అనుకున్నాను. ఇక్కడే నా గర్వం కాస్త దిగింది. డీడబ్ల్యూజీ ఫైల్‌ని ఓపెన్ చేసి, ఏమీ మార్చకుండా సేవ్ కొట్టినా లోపల చివరిసారి సేవ్ చేసిన సమయం మారుతుంది. దాంతో హ్యాష్ కూడా మారిపోతుంది. కంటికి ఒకే డ్రాయింగ్, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు ఫైళ్లు.

తారీఖు చూసి తేల్చుకోవచ్చు కదా అంటారా? చాలామంది చేసే తప్పు అదే. పాత డ్రాయింగ్‌ని ఎవరో ఓపెన్ చేసి, జూమ్ చేసి చూసి, మూసేటప్పుడు "సేవ్ చేయాలా?" అంటే అలవాటుగా యెస్ కొడతారు. ఆరేళ్ల కిందటి బొమ్మకి నిన్నటి తారీఖు పడుతుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చినదాన్ని డౌన్‌లోడ్ చేస్తే డౌన్‌లోడ్ చేసిన రోజు పడుతుంది. ఫోల్డర్‌ని తారీఖు వరసలో పెట్టి పైన ఉన్నదాన్ని తీసుకోవడం అంటే, ఆఖరున ఎవరు ముట్టుకున్నారో తెలుసుకోవడమే. ప్లాంట్ ఇప్పుడు ఎలా ఉందో దాన్నిబట్టి తెలియదు. డీడబ్ల్యూజీని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి ఆరు అక్షరాల్లో ఫార్మాట్ కోడ్ కనిపిస్తుంది: ఏసీ1015 అంటే ఆటోక్యాడ్ 2000 ఫార్మాట్, ఏసీ1018 అంటే 2004, ఏసీ1032 అంటే 2018. ఇది సరదాగా ఉంటుంది కానీ దీనితోనూ తేలదు. అవతలివాళ్ల దగ్గర పాత సాఫ్ట్‌వేర్ ఉందని కొత్త డ్రాయింగ్‌నే పాత ఫార్మాట్‌లో సేవ్ చేసి పంపుతుంటారు.

ఇంకో గొడవ ఎక్స్‌రెఫ్. ఒక డ్రాయింగ్‌లోకి ఇంకో డ్రాయింగ్‌ని లింకుగా తెచ్చుకోవడం. బిల్డింగ్ ప్లాన్ ఒక ఫైల్, దాని మీద పైపులు ఇంకో ఫైల్. పైపుల ఫైల్ ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వస్తే ఓపెన్ చేసినప్పుడు గోడలు ఉండవు, వాటి జాగాలో ఎక్కడిదో డీ డ్రైవ్ అడ్రస్ ఒక లైను కనిపిస్తుంది. గోడలు లేకుండా గాల్లో తేలుతున్న పైపుల్ని చూసి వాల్వ్ ఎక్కడుందో చెప్పమంటే ఎలా? డ్రాఫ్ట్స్‌మన్ ఫైళ్లు ఇచ్చేటప్పుడు ఆటోక్యాడ్‌లోనే ఈట్రాన్స్‌మిట్ అనే కమాండ్ ఉంది, లింకులు, ఫాంట్లు అన్నీ కలిపి ఒక మూటగా కట్టి ఇస్తుంది. అది వాడమని అడగండి. మనం అడగం, వాళ్లు ఇవ్వరు.

మూడు శనాదివారాలు కూర్చుంటే ఆ 236లో నిజమైన డ్రాయింగులు 41 అని తేలింది. మిగతావన్నీ వాటి పాత రూపాలు, సగం కాపీలు.

అసలు బాధ కలిగించిన విషయం ఇప్పుడు చెప్తాను. ఆ కింగ్ వాల్వ్ మార్చిన డ్రాయింగ్ ఉంది. గల్ఫ్ వెళ్లిన కుర్రాడు శుభ్రంగా గీశాడు, రివిజన్ నంబర్ వేశాడు, తారీఖు వేశాడు. అది రెండో పెన్‌డ్రైవ్‌లో "న్యూ ఫోల్డర్ (3)"లో పడి ఉంది. గీసినవాడు తన పని చేశాడు. దాన్ని గోడ మీదికి చేర్చే పని మాత్రం ఎవరి పనీ కాదు.

ఇక నా అభిప్రాయం. కొందరు ఒప్పుకోరని తెలుసు.

డ్రాయింగుల్ని చాలాచోట్ల పని వారీగా దాస్తారు. "2019 కండెన్సర్ పని", "2021 వైరింగ్", "ఫలానా కాంట్రాక్టర్" అని ఫోల్డర్లు. పని చేసే కాంట్రాక్టర్‌కి అది సరైన పద్ధతే. ఆయనకి పని అయిపోగానే బిల్లు, బిల్లు రాగానే ఫోల్డర్ బంద్. ప్లాంట్ నడిపేవాడికి మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. రాత్రి రెండింటికి వాల్వ్ వెతికేవాడికి ఆ లైను 2019లో మార్చారా 2021లో మార్చారా, ఏ కాంట్రాక్టర్ మార్చాడు అన్నది ఎందుకు తెలియాలి? వాడికి తెలిసింది ఒక్కటే, తను ఎక్కడ నిలబడి ఉన్నాడో. అందుకని ఫోల్డర్లు చోటు ప్రకారం ఉండాలి. కంప్రెసర్ రూం, ఉప్పునీళ్ల తొట్టి, ఐస్ క్రషర్, యార్డ్. ఒక్కో చోటు లోపల అమ్మోనియా, కరెంటు, నీళ్లు, డ్రైనేజీ. ఆ లోపల డ్రాయింగ్ నంబర్.

దీనికి పెద్ద ప్రమాణాలు ఉన్నాయి. 2018లో వచ్చిన ఐఎస్ఓ 19650 అనే ప్రమాణం బిల్డింగ్ సమాచారాన్ని నాలుగు స్థితుల్లో పెట్టమంటుంది: పనిలో ఉన్నది, ఇతరులతో పంచుకున్నది, ఆమోదించి విడుదల చేసినది, భద్రపరచినది. మెట్రో రైలుకో ఎయిర్‌పోర్ట్‌కో అది అవసరం. మేము మూడుతో సరిపెట్టాం. "పనిలో", "ప్రస్తుతం", "పాతవి". "ప్రస్తుతం" ఫోల్డర్‌లో ఒక నంబర్‌కి ఒకే డ్రాయింగ్ ఉంటుంది, డీడబ్ల్యూజీ ఒకటి, పీడీఎఫ్ ఒకటి. కొత్తది వచ్చిందంటే పాతది తన రివిజన్ నంబర్ తగిలించుకుని "పాతవి"లోకి వెళ్తుంది. "ప్రస్తుతం"లో ఫైల్ పేరుకి రివిజన్ నంబర్ పెట్టలేదు. ఎందుకంటే పేరు మారితే దానికి ఇచ్చిన లింకులన్నీ తెగిపోతాయి. రివిజన్ డ్రాయింగ్ లోపల మూలన టైటిల్ బ్లాక్‌లో ఉంటుంది, చాలు. ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు బావకి ఒక్కడికే, మిగతావాళ్లు చూడటం వరకే.

ఒక నిజం ఒప్పుకోవాలి. నేను మొదట చెప్పింది గిట్ పెడదామని. కోడ్‌కి వాడినట్టే డ్రాయింగులకీ వాడేద్దాం అనుకున్నాను. డీడబ్ల్యూజీ బైనరీ ఫైల్, ఏ లైను మారిందో గిట్ చూపించలేదు, ఇద్దరు మార్చినవి కలపలేదు. ఆపైన, కమిట్, బ్రాంచ్ అంటుంటే బావ నా వైపు చూసిన చూపు! "ఏట్రా, చెట్టు ఎక్కమంటావా?" అన్నాడు. రెండు రివిజన్ల తేడా చూడాలంటే ఆటోక్యాడ్ 2019 నుంచి డీడబ్ల్యూజీ కంపేర్ ఉంది. మారిన చోట్లని రంగుల్లో చూపిస్తుంది. అది చాలు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒక మామూలు ఎక్సెల్ షీట్. నంబర్, పేరు, రివిజన్, తారీఖు అందరూ పెట్టేవే. మేము ఇంకో రెండు గళ్లు పెట్టాం: "సైట్‌లో నడిచి చూసింది ఎవరు", "ఎప్పుడు". ఈ రెండూ ఖాళీగా ఉంటే ఆ డ్రాయింగ్ ఎంత అందంగా ఉన్నా గోడ ఎక్కదు. ఎందుకంటే 236 ఫైళ్లలో ఏది నిజమో ఏ స్క్రిప్టూ చెప్పలేదు. ప్రింట్ పట్టుకుని గురువుతో ప్లాంట్ అంతా నడిచాం. కుర్రాడు గీసిన ఆ మంచి డ్రాయింగ్‌లో కూడా ఆయన ఎర్ర పెన్నుతో రెండు చోట్ల దిద్దాడు. "ఇది గీసింతర్వాత ఇక్కడ బైపాస్ వేసినాం బాబూ" అన్నాడు.

ఇప్పుడు ట్యాబ్ సంగతి. ఇది గ్యాడ్జెట్ సైట్ కాబట్టి లెక్క వేసే చెప్తాను. ఇంజనీరింగ్ డ్రాయింగ్ చాలావరకు ఏ1 సైజులో ఉంటుంది, వెడల్పు 841 మిల్లీమీటర్లు. అందులో చిన్న అక్షరం ఎత్తు 2.5 మిల్లీమీటర్లు అనుకోండి. దాన్ని అడ్డంగా పట్టుకున్న ఫోన్‌లో, అంటే దాదాపు 150 మిల్లీమీటర్ల వెడల్పులో, మొత్తం చూపిస్తే ఆ అక్షరం అర మిల్లీమీటర్ కన్నా తక్కువ. సరే, పదకొండు అంగుళాల ట్యాబ్ కొన్నారు, వెడల్పు సుమారు 230. అక్షరం 0.7 మిల్లీమీటర్లు. పాతిక వేలు పెట్టి మీరు కొన్నది 0.2 మిల్లీమీటర్లు! రెండింటిలోనూ వేళ్లతో జూమ్ చేయాల్సిందే, జూమ్ చేస్తే ఎక్కడున్నామో తెలియదు. ఐస్ ప్లాంట్‌లో చేతులు ఎప్పుడూ తడే, తడి వేలికి టచ్ స్క్రీన్ సరిగ్గా పలకదు. గ్లవ్స్ వేసుకుంటే అసలే పలకదు.

కాబట్టి స్క్రీన్ పెద్దది చేయడం కాదు, డ్రాయింగ్ చిన్నది చేయాలి. ఏ1 షీట్ మొత్తం ఎమర్జెన్సీలో ఎవరికీ అక్కర్లేదు. ఒక్కో గదికి ఒక ఏ3 పేజీ తీశాం. గోడలు, తలుపులు, "మీరు ఇక్కడ ఉన్నారు" గుర్తు, కట్టాల్సిన వాల్వులు, ఆపాల్సిన మెయిన్ స్విచ్‌లు. ఇంకేమీ లేదు. దాని పీడీఎఫ్ ఎవరి దగ్గర ఏ ఫోన్ ఉన్నా చక్కగా కనిపిస్తుంది, పదివేల ఫోన్ అయినా సరే. షిఫ్ట్‌లో ఉన్న అందరి ఫోన్లలో ఆఫ్‌లైన్‌గా ఉండేలా పెట్టాం, ఎందుకంటే ఆ రేకుల షెడ్డులో సిగ్నల్ ఉండదు. పూర్తి డ్రాయింగ్ కావాలంటే పేజీ మూలన క్యూఆర్ కోడ్ ఉంది.

అదే పేజీ లామినేట్ చేసి గోడ మీద కూడా పెట్టాం. ఇంత చేసి మళ్లీ కాగితమా అని నవ్వకండి. కరెంటు పోతే రౌటర్ పోతుంది. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. దాని మీద వేసిన విచారణ మొదటి నివేదికలో చేసిన సిఫార్సుల్లో ఒకటి, ఎత్తైన బిల్డింగుల యజమానులు ప్రతి అంతస్తు ప్లాన్‌నీ తాజాగా ఉంచి ఫైర్ సర్వీస్‌కి కాగితం మీదా ఎలక్ట్రానిక్‌గానూ, రెండు రకాలుగా, ఇవ్వాలని. ఇంకా ఒక కాపీ ఆ బిల్డింగులోనే ఒక పెట్టెలో ఉంచాలని. రెండూ కావాలని వాళ్లు ఊరికే అనలేదు.

మన హార్బర్ విషయానికే వస్తే, 2023 నవంబర్ 19 రాత్రి ఇక్కడ మంటలు అంటుకుని సుమారు 40 బోట్లు దెబ్బతిన్నాయి. ఆ ప్రమాదానికీ డ్రాయింగులకీ సంబంధం ఉందని నేను అనడం లేదు. బోట్లలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు, పక్కపక్కనే కట్టిన పడవలు, అది వేరే కథ. కానీ ఆ రాత్రి తర్వాత హార్బర్ దగ్గర పనిచేసే ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి: మన గేటు దగ్గరికి ఫైరింజన్ వస్తే, నీళ్ల కనెక్షన్ ఎక్కడ, కరెంటు ఎక్కడ ఆపాలి, గ్యాస్ ఎక్కడుంది అన్నది ఒక్క కాగితంలో చూపించగలమా? బావ వాళ్ల ప్లాంట్‌లో అప్పటికి ఆ కాగితం లేదు. ఇప్పుడు సెక్యూరిటీ గదిలో ఉంది.

పైగా హార్బర్ కూడా మారుతోంది. 2022 నవంబర్‌లో దీని ఆధునికీకరణకి ప్రధాని శంకుస్థాపన చేశారు. సుమారు 150 కోట్ల ప్రాజెక్ట్, రోజుకి 150 టన్నుల చేపలు దించే సామర్థ్యాన్ని దాదాపు 300 టన్నులకి పెంచడం లక్ష్యం. జెట్టీ, షెడ్డు, డ్రైన్, కేబుల్ అంటూ ఏది కట్టినా, కట్టిన తర్వాత అసలు ఎలా కట్టారో చూపించే డ్రాయింగులు ఒక సెట్ రావాలి. వాటిని యాజ్ బిల్ట్ అంటారు. అవి సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో బీరువా ఎక్కుతాయా, రేపు అక్కడ రోడ్డు తవ్వేవాడికి అందుతాయా అన్నది, నా దృష్టిలో, కాంక్రీట్ నాణ్యత అంత ముఖ్యం.

చిన్న ప్లాంట్ నడిపేవాళ్లకి ఇందులో ఒక సులువు ఉంది. ఆఖరి బిల్లు మీ చేతిలోనే ఉంటుంది. డీడబ్ల్యూజీ, దాని ఎక్స్‌రెఫ్‌లు, పీడీఎఫ్, మూడూ చేతికి వచ్చి, మీ సొంత కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ఆఖరి చెక్ ఇవ్వండి. ఆటోక్యాడ్ కొనక్కర్లేదు, చూడటానికి డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితంగా దొరుకుతుంది. పీడీఎఫ్ ఎందుకంటే, పదేళ్ల తర్వాత ఎవరి దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఉంటుందో మనకి తెలియదు. బ్యాకప్ మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి ప్లాంట్ బయట. ఉప్పుగాలికి హార్బర్‌లో ఇనుప గేట్లే నిలవవు, హార్డ్ డిస్క్ ఎంత?

"ఇంత చిన్న ప్లాంట్‌కి ఇదంతా అవసరమా" అని ఓనర్ గారు బావని అడిగారట. పెద్ద కంపెనీలో అయితే డాక్యుమెంట్ కంట్రోల్ అని ఒక డిపార్ట్‌మెంటే ఉంటుంది. చిన్నదాంట్లో గురువు ఉంటాడు. మొత్తం ప్లాంట్ ఆయన తలలో ఉంది, దానికి బ్యాకప్ లేదు.

ప్రస్తుతం లెక్క ఇదీ: 41 డ్రాయింగుల్లో 33 నడిచి చూశాం, సంతకాలు పడ్డాయి. మిగిలిన 8 నేల కింద ఉన్నవి, డ్రైన్లు, పాత కేబుళ్లు. వాటి మీద ఎప్పుడో కాంక్రీట్ పోసేశారు. పోయకముందు చూసినవాళ్లలో ఇప్పుడు ప్లాంట్‌లో ఉన్నది గురువు ఒక్కడే. సంక్రాంతికి పని మానేసి ఊరెళ్లిపోతానంటున్నాడు. వచ్చే ఆదివారం టేపు, చాక్‌పీసులు పట్టుకుని వెళ్తున్నాం. ఆయన నడుస్తూ చూపిస్తే నేల మీద గీతలు గీసి ఫోటోలు తీయాలి.

ట్యాబ్ సంగతి బావ నిన్న మళ్లీ అడిగాడు. దసరా ఆఫర్లలో చూద్దామన్నాను.